లాల్‌బాగ్‌లో పెరిగిన మా పిల్లలు

బెంగుళూరులో కాపురం పెట్టి పిల్లలను పెంచుకున్న తెలుగు కుటుంబాలలో లాల్‌బాగ్ జ్ఞాపకం లేని ఇల్లు ఉండదని నా నమ్మకం. మా ఇంటికి ఆ తోట పెరడు లేని లోటును తీర్చింది. మడకశిర దగ్గరి పల్లెలో వేపచెట్ల కింద, కళ్లాలలో, గడ్డివాముల చాటున పెరిగిన నేను 1990ల తొలినాళ్లలో ఉద్యోగరీత్యా ఆ నగరానికి చేరి, విల్సన్ గార్డెన్‌లో ఒక మేడమీది వాటాలో అద్దెకు దిగాను. రెండు గదులు, ఒక వంటిల్లు, బట్టలు ఆరవేసుకోవడానికి కాస్త చోటు ఉండేవి. పిల్లలు పరుగెత్తాలంటే మెట్లు తప్ప మరో దిక్కు లేదు, మెట్ల మీద పరుగెడితే కింది వాటావారికి నిద్రాభంగం. అందుచేత సెలవు దినం పొద్దున్నే పిల్లలిద్దరికీ చెప్పులు తొడిగి, ఒక సంచిలో నీళ్ల సీసా, ఉప్మా డబ్బా, పాత దుప్పటి పెట్టుకొని లాల్‌బాగ్‌కు నడిచి వెళ్లడం మా ఇంట్లో పూజ తరువాత అంత నియమంగా జరిగే పని అయింది.

ఆ తోటకూ మా ప్రాంతానికీ ఒక పాత సంబంధం ఉంది. హైదర్ అలీ 1760లో దీనిని నాటించడం మొదలుపెట్టినప్పుడు, శిరా పట్టణంలో అప్పటికే ఉన్న మొగలాయి తోటను చూసి ఆ పద్ధతిలోనే వేయించాడని చరిత్రకారులు చెబుతారు. శిరా మా మడకశిరకు పొరుగూరు. మా చిన్నతనంలో సంతకూ, సంబంధాలు చూడటానికీ పెద్దవాళ్లు అటు వెళ్లి వస్తుండేవారు. హైదర్ కాలంలో నలభై ఎకరాలుగా ఉన్న తోట టిప్పు సుల్తాను చేతికి వచ్చాక, కాబూల్, పర్షియా, మారిషస్ వంటి దూరదేశాల నుంచి తెప్పించిన మొక్కలతో నిండింది. 1856లో ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానంగా మారి, క్రమంగా పెరిగి నేటి 240 ఎకరాలకు చేరింది. ఈ సంగతులన్నీ నేను పిల్లల కోసమే చదివి తెలుసుకున్నాను. చెట్టు కింద కూర్చొని ఉప్మా తింటున్న పిల్లవాడు "ఈ తోట ఎవరిది నాన్నా?" అని అడిగితే "ప్రభుత్వానిది" అని చెప్పి ఊరుకోవడం నాకు బాగా అనిపించలేదు.

పెద్దవాడికి ఆ తోటలో అన్నిటికంటే ఇష్టమైనది బండ. లాల్‌బాగ్ బండ అంటే బెంగుళూరు తెలిసినవారికి వేరే వివరించనక్కరలేదు. తోట మధ్యనే నేల చీల్చుకొని లేచినట్టు విశాలంగా పరుచుకున్న రాతి గుట్ట, దాని నెత్తిన, బెంగుళూరు నగరాన్ని స్థాపించిన కెంపేగౌడ వంశంవారు కట్టించిన చిన్న రాతి బురుజు. నగరానికి నాలుగు దిక్కులా అటువంటి బురుజులు నాలుగు ఉన్నాయి. ఊరు వాటిని దాటి పెరగదని ఆనాడు అనుకున్నారని అంటారు. బండ ఎక్కి నిలబడితే ఆ మాట ఎంత వెనుకబడిపోయిందో కంటికే తెలిసేది, ఎందుకంటే ఎటు చూసినా ఊరే కనిపించేది. మా వాడికి మాత్రం దూరంగా కనిపించే ఊరికంటే కాళ్ల కింది రాయి మీదనే ధ్యాస. ఆ రాతిలో తెలుపు, నలుపు, లేత గులాబీ రంగు చారలు పక్కపక్కనే వంకర్లు తిరుగుతూ పోతాయి. వాడు బోర్లా పడుకొని ఒక చార మీద వేలు పెట్టి, అది ఎక్కడ సన్నబడుతుందో, ఎక్కడ మరో చారతో కలుస్తుందో, ఎక్కడ చటుక్కున మాయమవుతుందో చూసుకుంటూ మోకాళ్ల మీద పాకుతూ పోయేవాడు. వానాకాలంలో బండ మీది గుంతలలో నీళ్లు నిలిచేవి. వాటిలో ఆకాశం కనిపిస్తే అక్కడ కాసేపు ఆగి, మళ్లీ చార పట్టుకొని వెళ్లేవాడు.

భారత భూగర్భ సర్వేక్షణ సంస్థవారు ఆ బండను జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించి, అక్కడ ఒక ఫలకం పెట్టారు. దక్షిణ భారతదేశపు నేలకు పునాది అయిన నైస్ శిల ఇది. దీని వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరాలు. భూమి లోతుల్లో విపరీతమైన వేడికీ ఒత్తిడికీ లోనై, ఖనిజాలు వేరు వేరు పొరలుగా సర్దుకోవడం వల్ల ఆ చారలు ఏర్పడ్డాయి. అప్పుడే పెద్ద అంకెలు నేర్చుకుంటున్న మా వాడు ఫలకం కింద దుమ్ములో పుల్లతో మూడు వేసి, దాని పక్కన తొమ్మిది సున్నాలు చుట్టి, లేచి నిలబడి తాను రాసిన అంకెను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచి చూసుకున్నాడు. హిమాలయాలు ఈ బండ ముందు నిన్న మొన్న పుట్టినవని నేను చెబితే, నమ్మలేక ఇంటికి వచ్చి బడి పుస్తకం తెరిచాడు. తరువాత వాడిని పల్లెకు తీసుకువెళ్లినప్పుడు మా చేను గట్టున ఉన్న గుండును చూసి, "ఇదీ అదే రాయి" అన్నాడు. వాడు అన్నది సరైన మాటే. మా సీమ గుట్టలకూ ఆ బండకూ పునాది ఒకటే.

చిన్నదానికి బండ ఎక్కడం ఇష్టం ఉండేది కాదు. దానికి పెద్ద బూరుగ మాను కావాలి. లాల్‌బాగ్‌కు వెళ్లినవారెవరూ ఆ తెల్ల బూరుగను చూడకుండా రారు. మొదలు దగ్గర ఆ చెట్టు వేర్లు నేల నుంచి గోడలుగా లేచి, బోదెకు ఆనుకొని, ఒక్కో రెండు వేర్ల నడుమ ఒక గది అంత చోటు మిగిల్చాయి. పెద్ద మనిషి నిలబడినా తల కనిపించనంత ఎత్తు కొన్నిటిది. వేర్లు ఎక్కువ లోతుకు దిగని ఇటువంటి భారీ వృక్షాలు, గాలికి ఒరగకుండా తమను తాము నిలబెట్టుకోవడానికి ఆ గోడలను పెంచుకుంటాయట. మా అమ్మాయి ఒక గదిలో దూరి దాన్ని వంటిల్లు అనేది, పక్కదాన్ని పడకగది అనేది, రాలిన ఆకులలో అన్నం వడ్డించి మా అందరినీ వరుసగా పిలిచేది. ఇంట్లో ఉన్నవి రెండే గదులు కాబట్టి ఇక్కడ అన్ని గదులు దొరికినందుకు దానికి కలిగే సంతోషం చూసి మా ఆవిడ నవ్వుకునేది.

ఒకనాడు అది వేరు గోడ మీదికెక్కి అవతలికి దూకుతుంటే, అక్కడ చెత్త ఊడుస్తున్న తోటమాలి చీపురు పక్కన పెట్టి దగ్గరికి వచ్చాడు. మేము మాట్లాడుకోవడం విన్నాడేమో, తెలుగులోనే పలకరించాడు. "పాపా, ఆ వేరు మీద ఎగరొద్దమ్మా. దానికి నొప్పి అని కాదు. అందరూ తొక్కి తొక్కి ఈ నేల గట్టిపడిపోతే వాన నీళ్లు కిందికి దిగవు, మాను ఎండుకుంటుంది" అన్నాడు. అని ఊరుకోకుండా, చెట్టుకు దూరంగా నడిచి ఒకచోట గుప్పెడు మట్టి తీసి దాని చేతిలో పోశాడు. మళ్లీ వేరు పక్కన నేలను గోటితో గీకి చూపించాడు. ఒకటి పొడిపొడిగా చేతిలో రాలింది, మరొకటి గోరుకు లొంగలేదు. నాలుగేళ్ల పిల్ల ఆ రెండింటినీ చూసి ఏమీ అనకుండా నా చేయి పట్టుకుంది. ఆ తరువాత ఏ చెట్టు కింద కూర్చున్నా, ముందు అక్కడి మట్టిని వేలితో నొక్కి చూడటం దానికి అలవాటైంది. పార్కులో కాపలాదారు ఈల వేసి పిల్లలను తరమడం నేను చాలాచోట్ల చూశాను; కారణం చెప్పి, దాన్ని చేతికి ఇచ్చి చూపించిన ఆ మనిషి మీద నాకు ఈనాటికీ గౌరవం ఉంది.

మా అమ్మ పల్లె నుంచి వచ్చినప్పుడు ఆమెను కూడా తీసుకువెళ్లాము. గాజు మేడ చూపించాలని మేము ఆత్రపడుతుంటే, ఆమె చెట్ల దగ్గరే ఆగిపోయింది. బూరుగను చూసి రెండు చేతులూ నడుముకు పెట్టుకొని పైకి చూస్తూ, "మన బూరుగ మాను గదప్పా ఇది! ఎంత లావయిపోయిందిరా!" అంది. పక్కన పడి ఉన్న ఎండుకాయను తీసి, చీల్చి, లోపలి పట్టులాంటి తెల్లటి దూదిని పిల్లల చేతుల్లో పెట్టి, ఈ దూది నీళ్లు పట్టదని, తమ చిన్నప్పుడు దీనినే తలగడలకు నింపుకునేవారని చెప్పింది. పిల్లలు ఊదితే దూది గాలిలోకి లేచి నల్లటి గింజ ఒక్కటి మాత్రం నేల మీద పడింది. గింజలు దూరం పోవడానికే చెట్టు ఈ దూదిని పుట్టిస్తుందని నేను చెప్పబోయేలోగా, "గాలికి పోనీకే గదా దేవుడు దూది పెట్టింది" అని మా అమ్మ అనేసింది. బోర్డుల మీద కన్నడంలోనూ లాటిన్‌లోనూ పేర్లు రాసి ఉన్నాయి. చదువు రాని మా అమ్మ ఆకు నలిపి వాసన చూసి, బెరడు తడిమి, నేరేడు, మద్ది, కానుగ, మోదుగ అంటూ ఒక్కొక్కదాన్నీ పోల్చుకుంటూ నడిచింది. పిల్లలు ఆమె వెంట పరుగెత్తి ప్రతి చెట్టునూ "అవ్వా, ఇదేంది? ఇదేంది?" అని అడిగారు. తెలియని విదేశీ చెట్టు ఎదురైతే ఆమె ఏ మాత్రం మొహమాటపడకుండా "ఇది మన దిక్కుది కాదులే" అని ముందుకు సాగిపోయేది.

నాగలింగం చెట్టు దగ్గర మాత్రం ఆమె చాలాసేపు నిలబడింది. ఆ చెట్టుకు పూలు కొమ్మల చివర కాకుండా మొదలు నుంచే, బోదెను చుట్టుకొన్న తాళ్లవంటి రెమ్మలకు పూస్తాయి. దళసరి ఎర్రని రేకుల నడుమ లింగాకారం, దాని మీదికి వంగిన పడగ ఉంటుంది. కింద రాలిన పువ్వును కొంగుతో తుడిచి అమ్మ కళ్లకద్దుకుంది. పక్కనే పగిలి పడిన కాయ నుంచి వచ్చే వాసనకు పిల్లలు ముక్కు మూసుకున్నారు. ఇంత మంచి వాసన పువ్వుకూ, అంత దుర్వాసన కాయకూ ఒకే చెట్టు ఎలా ఇస్తుందని పెద్దవాడు అడిగాడు. ఆ పువ్వు మా ఇంటి దేవుడి గూటిలో వాడిపోయేదాకా ఉంది. తిరిగి వస్తూ ద్వారం దగ్గర అమ్మ వెనక్కి తిరిగి, "ఇంతింత మాన్లను నరకకుండా పెట్టుకున్నారంటే ఈ ఊరోళ్లు మంచోళ్లేరా" అంది. ఆ ఊరి గురించి నేను విన్న ప్రశంసలలో అంతకు మించినది లేదు.

గాజు మేడ సంగతి చెప్పకపోతే పిల్లలు ఒప్పుకోరు. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ మాదిరిలో కట్టిన ఈ మేడకు 1889 నవంబరు 30న విక్టోరియా రాణి మనుమడు ప్రిన్స్ ఆల్బర్ట్ విక్టర్ పునాదిరాయి వేశాడు. ఇనుప భాగాలు గ్లాస్గో నుంచి ఓడలో వచ్చాయి. ఆ పనిని నడిపించినవాడు అప్పటి తోట అధికారి జాన్ కామెరాన్. మా ఇంట్లో వారానికి ఒకసారైనా పప్పులోనో కూటులోనో పడే బెంగుళూరు వంకాయను ఆ నగరానికి తెచ్చి పండించినవాడు కూడా ఆయనేనని తెలిశాక, పిల్లలు ఆ కూర వండిన రోజు "కామెరాన్ దొర కూర" అని పిలవడం మొదలుపెట్టారు. ఏడాదికి రెండుసార్లు, గణతంత్ర దినానికీ స్వాతంత్ర్య దినానికీ, ఉద్యానశాఖా మైసూరు ఉద్యాన సంఘమూ కలిసి ఆ మేడలో పూల ప్రదర్శన జరుపుతాయి. నడుమ గులాబీలతోనూ చామంతులతోనూ ఏదో ఒక గుడినో కోటనో నిలువెత్తున కట్టేవారు. ఆ రోజుల్లో జనం నదిలా సాగేవారు, ఆగి చూడటానికి వీలుండేది కాదు. చిన్నదాన్ని భుజాల మీద ఎక్కించుకుంటే అది పైనుంచి తాను చూసినవన్నీ గట్టిగా చెబుతుండేది, ఆ కబుర్లతోనే నేను ప్రదర్శన చూసినట్టయ్యేది. నిజానికి పూల ప్రదర్శనకంటే మామూలు ఆదివారమే నాకు ఎక్కువ ఇష్టం. ఏ ప్రదర్శనా లేని రోజున ఖాళీ గాజు మేడలోకి పొద్దుటి ఎండ వాలుగా దిగుతుంది, ఇనుప కమానుల నీడలు నేల మీద పడతాయి, పిచ్చుకలు లోపలే తిరుగుతాయి. పిల్లలు ఆ నీడల గీతలు తొక్కకుండా ఈ చివర నుంచి ఆ చివరకు గెంతుకుంటూ వెళ్లేవారు.

చెరువు గట్టు మీద మేము తినేవాళ్లం. నీటికాకి మునిగి లేచి, రాతి మీద నిలబడి రెండు రెక్కలూ బారజాపి ఆరబెట్టుకోవడం పిల్లలకు ఎంత చూసినా తనివితీరేది కాదు. బాతు రెక్కలకు నీళ్లు అంటవు గానీ నీటికాకి రెక్కలు తడుస్తాయని, తడిసి బరువెక్కడం వల్లే అది లోతుకు సులువుగా మునిగి చేపను పట్టగలదని, అందుకే బయటికి వచ్చాక ఎండలో ఆరవలసివస్తుందని చెబితే, స్నానం చేసిన తరువాత చిన్నది తువ్వాలు వద్దని చేతులు చాపి నిలబడేది. గూడబాతులు ఎప్పుడో కానీ కనిపించేవి కావు; కనిపించిన రోజు వాటి పేరు చెప్పుకుంటూనే ఇల్లు చేరేవాళ్లం. ద్వారం బయట బొరుగులవాడు ఉల్లిపాయ, తురిమిన కారట్, కొత్తిమీర, నిమ్మరసం కలిపి కాగితపు పొట్లంలో పోసి ఇచ్చేవాడు. మామిడికాయల కాలంలో ముక్కలకు కారం, ఉప్పు అద్ది ఇచ్చే ఆమె చిన్నదానికి కారం దులిపి ఇచ్చేది.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. రాయిగా మారిన చెట్టు మాను ఒకటి ఆ తోటలో ఉంది. తమిళనాడులోని తిరువక్కరై నుంచి తెచ్చినది, వయస్సు రెండు కోట్ల సంవత్సరాలు. భూమిలో పూడుకుపోయిన మానులోకి ఖనిజాలు కలిసిన నీరు ఇంకి ఇంకి, చెక్క ఉన్నచోటనల్లా రాయి చేరి, నారలు మాత్రం అలాగే కనిపిస్తాయి. చూపుకు చెక్క, చేతికి రాయి. చిన్నది దాన్ని గోటితో తట్టి, "మన తోటమాలి చెప్పినట్టు దీన్ని ఎవరైనా తొక్కేసినారా నాన్నా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నేను చెప్పిన సమాధానం గుర్తులేదు.

పిల్లలు పెద్దవాళ్లయ్యే కొద్దీ తోట ద్వారం దాటి ఊళ్లోకి వచ్చింది. కామెరాన్ తరువాత వచ్చిన జర్మన్ ఉద్యాన నిపుణుడు క్రుంబీగెల్, నగర వీధులలో ఏడాది పొడవునా ఒక చెట్టు పూలు రాలేసరికి మరో జాతి చెట్టు పూసేటట్టు ఎంచి నాటించే పద్ధతి తెచ్చాడు. లండన్‌లోని క్యూ తోటలో పనిచేసి, బరోడా మీదుగా మైసూరు సంస్థానానికి వచ్చినవాడాయన. బడికి నడిచే దారిలో జకరందా నీలిపూలు, ఎండ ముదిరాక తురాయి ఎర్రదనం, ఆ పైన పచ్చతురాయి రాల్చిన పసుపు తివాచీ వరుసగా వస్తుంటే, పరీక్షలు దగ్గరపడ్డాయో, సెలవులు వచ్చాయో మా పిల్లలు కాలెండరు చూడకుండా చెప్పగలిగేవారు. ఆ వీధులలో చాలా చెట్లు తరువాత రోడ్ల వెడల్పుకు పోయాయి. అది తలుచుకుంటే నాకు బాధ కలుగుతుంది. చెట్టు నాటినవాడు తన ఈడువారి కోసం నాటడు, కొట్టేవాడు తన ఒక్కరోజు తొందర కోసం కొట్టేస్తాడు. లాల్‌బాగ్ కంచె లోపల ఉన్నవైనా నిలిచాయంటే, ఆ కంచెకు కాపలా ఉన్నవారికీ, అక్కడ గట్టిగా గొంతెత్తిన బెంగుళూరు జనానికీ మనం రుణపడి ఉన్నాం.

ఇప్పుడు మెట్రో రైలు పడమటి ద్వారం దగ్గరే ఆగుతుంది. 2017లో ఆ మార్గం మొదలయ్యాక దూరపు పేటలలో ఉండేవారికి కూడా రాకపోకలు తేలికయ్యాయి. పెద్దవాడు వేరే దేశంలో ఉన్నాడు, చిన్నది బెంగుళూరులోనే మరో మూల ఉంటోంది. దానికి నాలుగేళ్ల కూతురు. వాళ్లుండేది పద్నాలుగో అంతస్తులో. కింద ఆటస్థలం ఉంది కానీ అందులో నేల కనిపించకుండా రబ్బరు పరిచారు. మట్టి ఉన్నచోటికి తీసుకువెళ్లాలని వచ్చే జనవరిలో పూల ప్రదర్శనకు బయలుదేరుతున్నారు, నన్నూ రమ్మన్నారు. ప్రదర్శన రోజుల్లో జనం మధ్య పిల్లకు కాళ్లు తప్ప మరేమీ కనిపించవు కాబట్టి, అది ముగిసిన వారం తరువాత, పనిదినాన, ఎండ ఎక్కకముందే వెళదామని చెప్పాను. ముందు బండ, తరువాత బూరుగ, ఆ పైన చెరువు గట్టున ఉప్మా అని వరుస కూడా నిర్ణయించాను. మా అమ్మాయి ఒప్పుకుంది, కానీ బూరుగ దగ్గరికే ముందు వెళ్లాలని పట్టుబట్టింది.